ఖాళీలు లక్షల్లో ఉన్నాయంటారు, స్కిల్ ఉన్నోళ్లు లేరంటారు... మరి ఆ దేశం ఎకానమీ బాగున్నట్టా లేనట్టా?

చిన్నోడి_అక్క:

అందరికీ నమస్కారం. నేను ఎకనామిక్స్ చదువుకోలేదు, అకౌంట్స్‌లో పని చేస్తాను, ఏదైనా తప్పుగా అడిగితే సరిదిద్దండి.

వారం నుంచి మా ఇంట్లో ఇదే గొడవ. నాన్న పొద్దున్నే పేపర్ తిరగేసి "ఇన్ని లక్షల ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయంట, మనుషులు దొరక్క కంపెనీలు తల పట్టుకుంటున్నాయంట, దేశం పరుగు మీదుంది, వీడొక్కడికే ఏదీ దొరకదు" అంటారు. తమ్ముడు తింటున్న ప్లేటు అక్కడే వదిలేసి లేచి వెళ్లిపోతాడు. వాడి డిగ్రీ అయిపోయి పదకొండు నెలలు. అప్లై చేసినవన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసుకుంటాడు, మొన్న వాడు లేనప్పుడు తీసి చూశాను, 140 దాకా ఉన్నాయి, ముప్పావు వంతు వాటి పక్కన "రిప్లై లేదు" అని ఉంది. ఒకటి రెండు చోట్ల ముందు "మంగళవారం చెప్తామన్నారు" అని రాసి తర్వాత కొట్టేశాడు.

నా డౌట్ ఏంటంటే, ఉద్యోగాలు అన్ని ఖాళీగా ఉండి, ఇక్కడ మనిషి కూడా ఖాళీగా ఉంటే, దాన్ని మంచి ఎకానమీ అనాలా? స్కిల్స్ కొరత అనేది ఎదుగుదలకి గుర్తా, రోగానికి గుర్తా? టీవీ చర్చల్లో ఒకాయన ఇది బలం అంటాడు, ఇంకొకాయన సంక్షోభం అంటాడు, ఇద్దరూ చూపించేది అదే నంబరు. నాన్నకి చెప్పడానికైనా, నాకు అర్థం కావడానికైనా, తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్తారా?

---

గ్రాఫుల_మాస్టారు:

అమ్మా, నేను ఎకనామిక్స్ చెప్తాను, నాకు తెలిసినంత చెప్తా. ముందుగా, మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. 1944లోనే బ్రిటన్‌లో విలియం బెవరిడ్జ్ అనే పెద్దాయన, పని వెతికేవాళ్ల కంటే ఖాళీలు ఎప్పుడూ ఎక్కువ ఉండటమే సంపూర్ణ ఉపాధి అన్నాడు, ఎందుకంటే ఉద్యోగం ఇచ్చేవాడికి మనిషి దొరక్కపోతే అది ఇబ్బంది, అదే మనిషికి పని దొరక్కపోతే బతుకే పోతుంది, రెండూ ఒకటి కాదు కదా. కాబట్టి ఖాళీలు ఎక్కువ ఉండటం దానికదే చెడ్డ విషయం కాదు.

ఇంక రెండో సగం. ఆయన పేరు మీదే బెవరిడ్జ్ కర్వ్ అని ఒకటి ఉంది, ఒక పక్క ఖాళీల శాతం, ఇంకో పక్క నిరుద్యోగం. మామూలుగా ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది. మంచి రోజుల్లో ఖాళీలు ఎక్కువ, నిరుద్యోగులు తక్కువ, మాంద్యంలో తిరగబడుతుంది. ఎప్పుడైతే రెండూ ఒకేసారి ఎక్కువగా ఉంటాయో అప్పుడు ఎక్కడో లంకె తెగిందని అర్థం, పని ఒక చోట మనిషి ఇంకో చోట, లేదా పని అడిగేది ఒకటి మనిషికి వచ్చింది ఇంకోటి, లేదా ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నా ఒకరి సంగతి ఒకరికి చేరట్లేదు. ఈ వెతుకులాట మీద పని చేసినందుకే 2010లో డైమండ్, మార్టెన్‌సన్, పిస్సారిడెస్ ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు. మీ ఇంట్లో ఉన్న సమస్య సరిగ్గా అదే అమ్మా, మీ తమ్ముడి నోట్‌బుక్ ఆ పరిశోధనలో పెట్టదగ్గ కాగితం, నేను మనస్ఫూర్తిగా అంటున్నా.

అయితే స్కిల్స్ కొరత అన్న మాటని మాత్రం విన్న వెంటనే నమ్మకండి. అమెరికాలో 2009 మధ్యలో ఒక్కో ఖాళీకి ఆరుగురు నిరుద్యోగులు ఉండేవాళ్లు, అక్టోబరులో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. ఆ తర్వాతి ఏళ్లలో చాలామంది పెద్దలు ఏమన్నారంటే ఇది డిమాండ్ (అంటే కొనేవాళ్లు తగ్గడం) సమస్య కాదు, జనానికి ఇప్పటి పనులకి కావాల్సిన స్కిల్స్ లేవు, ఇది ఇంతకంటే దిగదు అని. తీరా 2019 సెప్టెంబరుకి 3.5 శాతానికి దిగింది. పదేళ్లలో దేశం మొత్తాన్ని కూర్చోబెట్టి ఎవరూ కొత్తగా చదివించలేదు. డిమాండ్ పెరిగి మనుషుల అవసరం ముంచుకొచ్చేసరికి, నిన్నటిదాకా పనికిరారు అనుకున్నవాళ్లనే పిలిచి నేర్పించుకుని పెట్టుకున్నారు, నేను ఎక్కువగా చూసేది ఇదే.

దానికి ఎదురు ఉదాహరణ 2022. అదే అమెరికాలో మార్చిలో దాదాపు 1.2 కోట్ల ఖాళీలు, నిరుద్యోగి ఒక్కొక్కరికి రెండేసి ఉద్యోగాలు అన్నమాట. చూడ్డానికి స్వర్గం. కానీ జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతం, జీతాలు పెరిగినా సగటున కొనే శక్తి తగ్గింది. అంటే ఆ ఖాళీల్లో కొంత నిజమైన బలం, కొంత వేడెక్కిన పొయ్యి. తర్వాత ధరలు దించడానికి వడ్డీ రేట్లు సున్నా దగ్గర్నుంచి 5 శాతం పైకి తీసుకెళ్లారు, ఖాళీలు లక్షల్లో తగ్గిపోయాయి గానీ చాలామంది భయపడినట్టు నిరుద్యోగం ఒక్కసారిగా పైకి ఎగరలేదు.

ఇంకో పక్క జర్మనీ. 2023, 2024 రెండేళ్లూ వాళ్ల జీడీపీ కుంచించుకుపోయింది, అయినా అదే సమయంలో కంపెనీలు పనోళ్లు దొరకట్లేదని మొత్తుకుంటూనే ఉన్నాయి, బయటి దేశాల నుంచి తెచ్చుకోవడానికి 2024 జూన్‌లో ప్రభుత్వం ఆపర్చునిటీ కార్డ్ అని కొత్త దారి కూడా తెరిచింది. జపాన్‌లో 2018, 2019లో ఒక్కో అభ్యర్థికి 1.6 ఉద్యోగాలు, నిరుద్యోగం రెండున్నర శాతం లోపు, అయినా జీతాలు అప్పటికి దశాబ్దాలుగా ఉన్న చోటే ఉండిపోయాయి. అక్కడ కొరత రావడానికి కారణం ఎకానమీ పరుగు కంటే వయసు, పని చేసే వయసున్నవాళ్ల సంఖ్య 1990ల మధ్య నుంచి తగ్గుతూనే ఉంది. పదిమంది రిటైర్ అయి ఏడుగురు చేరితే మూడు కుర్చీలు ఖాళీ, దాన్ని చూసి దేశం ఎదుగుతోంది అనలేం.

కాబట్టి నాన్నగారికి చెప్పండి, ఖాళీ ఎందుకు వచ్చింది అన్నది తెలియకుండా ఖాళీల సంఖ్య ఏమీ చెప్పదు అని. కొత్త పని పుట్టి వచ్చిందా, పాత మనిషి వెళ్లిపోతే వచ్చిందా, ఇచ్చే జీతానికి ఎవరూ రాక వచ్చిందా... మూడూ మూడు వేరు కథలు.

---

పదేళ్లు_హెచ్‌ఆర్‌లో:

మాస్టారు చివర్లో అన్న మూడో రకం గురించి నేను చెప్తాను, ఎందుకంటే అందులో నా చెయ్యి కూడా ఉంది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందు పని చేసిన కంపెనీలో స్టోర్స్ ప్లానింగ్‌కి ఒక పోస్టు ఏడు నెలలు ఓపెన్‌గా ఉంచాం. ప్రతి నెలా రిపోర్టులో "స్కిల్డ్ క్యాండిడేట్ దొరకలేదు" అని నేనే టైప్ చేసేదాన్ని. అడిగింది ఏంటంటే ఒక సాఫ్ట్‌వేర్ మీద ఐదేళ్ల అనుభవం, ఆ వెర్షన్ మా దగ్గరికి వచ్చి రెండేళ్లే అయింది, జీతం మాత్రం మూడేళ్ల కిందట ఉన్న మనిషికి ఇచ్చినదే. 312 రెజ్యూమేలు వస్తే సిస్టమ్‌లో పెట్టిన ఫిల్టర్ తొమ్మిదింటిని దాటనిచ్చింది. మిగతా 303 మంది ఫైళ్లు ఎవరూ తెరవలేదు. ఆ తొమ్మిది మందిలో ఆరుగురు జీతం వినగానే వద్దన్నారు. ఆఖరికి ఏం జరిగిందంటే, గోడౌన్‌లో లోడింగ్ చూసుకునే ఒకాయన, సరుకు ఎప్పుడు ఎంత వస్తుందో నోటి లెక్కన చెప్పగలడు, ఆయన్ని రెండు నెలలు ఆ సీట్లో కూర్చోబెట్టి నేర్పితే పని మొత్తం వచ్చేసింది. ఏడు నెలలు దొరకని స్కిల్ రెండు గదుల అవతలే ఉంది.

అక్కా, మీ తమ్ముడి 140లో ఎన్ని ఆ 303 లాంటివో నాకు తెలుసు, అందుకే రాస్తున్నా. వాడిలో లోపం ఉండి కాదు, చాలావాటిని మనిషి చదవనే లేదు.

అప్పట్నుంచి ఎవరైనా కొరత అంటే నేను మూడే అడుగుతా, జీతం పెంచి చూశారా, అనవసరమైన షరతులు తీసి చూశారా, చేరాక నేర్పడానికి ఒక మనిషిని కేటాయించారా. మూడూ చేసినా దొరకలేదంటే అది కొరత. ఒక్కటీ చేయలేదంటే అది మాకు తక్కువలో రెడీమేడ్ మనిషి కావాలి అని చెప్పడం. టమాటా కిందటేడు రేటుకే కావాలని మార్కెట్‌కి వెళ్లి దొరకలేదని వస్తే టమాటా కొరత అనంకదా. ఏ దేశంలోనైనా కంపెనీలన్నీ కొరత అంటూ జీతాలు మాత్రం కదలట్లేదంటే నేనైతే దాన్ని హెల్దీ అనను.

---

వెల్డింగ్_నేర్పేవాణ్ణి:

మేడమ్ చెప్పింది ఆఫీసు పనులకి వంద శాతం ఒప్పుకుంటా కానీ అన్నిటికీ అదే లెక్క వేయొద్దని నా మనవి. జీతం రెట్టింపు చేసినా రేపు పొద్దున్నే దొరకని పనులు ఉన్నాయి, నేను నేర్పేది అలాంటిదే.

పైపు వెల్డింగ్‌లో 6జీ అని ఒక టెస్ట్ ఉంటుంది, పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, పైపు తిరగదు, వెల్డరే చుట్టూ తిరగాలి, ఒకే జాయింటులో కింద నుంచి పైకి, పక్కకి, తల మీద, అన్ని పొజిషన్లూ వచ్చేస్తాయి. లోపలి మొదటి పొరని రూట్ పాస్ అంటాం. కరుగుతున్న చోట చిన్న కన్నం కనపడుతూ ఉండాలి, దాన్ని కీహోల్ అంటాం, అది కాస్త పెద్దదయితే లోహం లోపలికి కారిపోతుంది, చిన్నదయితే అంచులు అతుక్కోవు, పైనుంచి చూస్తే అద్దంలా ఉంటుంది గానీ ఎక్స్‌రే తీస్తే ఫిల్మ్ మీద నల్లటి గీత పడుతుంది, అంతే, మొత్తం కోసి మళ్లీ చెయ్యాలి. చేయి తిరిగినోడికి చూపు కంటే ముందు చెవికి తెలిసిపోతుంది, ఆర్క్ (కరెంటు మెరుపు) చప్పుడు మారగానే మణికట్టు దానంతటదే సర్దుకుంటుంది. ప్లేటు మీద బీడ్ (అతుకు గీత) నేరుగా రావడానికే కుర్రాళ్లకి కొన్ని వారాలు పడుతుంది, 6జీ ఎక్స్‌రే పాస్ అవ్వాలంటే నా దగ్గర ఏడాది పైనే. దాన్ని వీడియో చూపించి నేర్పలేం, పక్కన నిలబడి చేయి పట్టుకుని నేర్పాలి. ఒక్కడికి ఇరవై మందిని అప్పగిస్తే ఇరవై మందికీ రాదు.

ఇప్పుడు అసలు సమస్య ఎక్కడంటే, నేర్పేవాళ్లే రిటైర్ అయిపోతున్నారు. కంపెనీలు నేర్పవు, ఎందుకంటే మనం ఏడాది ఖర్చు పెట్టి తయారు చేస్తే పక్కోడు నాలుగు రాళ్లు ఎక్కువిచ్చి ఎత్తుకుపోతాడని భయం, ప్రతి వాడూ పక్కోడు నేర్పితే నేను తీసుకుంటా అనుకుంటాడు, చివరికి ఎవడూ నేర్పడు. పనులు తగ్గిన ఏడాది ముందుగా మూసేసేది ట్రైనింగ్ షెడ్డే. మళ్లీ ఆర్డర్లు వచ్చాక స్కిల్డ్ వెల్డర్లు లేరని పేపర్లో వేస్తారు. ఆ ఏడాది షెడ్డు మూసినప్పుడే ఈ ఏడాది కొరత పుట్టింది సార్.

జర్మనీ గురించి మాస్టారు చెప్పారు, ఎకానమీ ఎలా ఉన్నా ఒక్కటి మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. అక్కడ 300 పైగా వృత్తులకి వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, కొన్ని రోజులు స్కూల్లో పాఠం, రెండేళ్ల నుంచి మూడున్నరేళ్లు, కుర్రాడికి మొదటి నెల నుంచే కంపెనీ స్టైపెండ్. చివర్లో పరీక్ష దేశమంతా ఒకే ప్రమాణం, కాబట్టి ఆ కాగితం ఎక్కడైనా చెల్లుతుంది. చాలా కంపెనీలు కలిసి ఆ భారం మోస్తాయి కాబట్టి ఒకడే మునిగిపోతానన్న భయం తక్కువ.

---

గ్రాఫుల_మాస్టారు:

వెల్డింగ్ అన్నగారు, మీరు చెప్పింది నేను వదిలేసిన పెద్ద ముక్క, థ్యాంక్స్. దానికి ఒక్క మాట కలుపుతా. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టే పనుల్లో ఎప్పుడూ ఒక తేడా వస్తుంది, ఇవాళ జీతాలు బాగున్నాయని అందరూ ఆ కోర్సులో చేరతారు, నాలుగేళ్ల తర్వాత బయటికి వచ్చేసరికి గుంపు ఎక్కువై జీతాలు పడిపోతాయి, అది చూసి తర్వాతి బ్యాచ్ ముఖం తిప్పుకుంటుంది, మళ్లీ కొరత. ముందు పంటల ధరల విషయంలో ఇలాంటిది గమనించి కాబ్‌వెబ్ అని పేరు పెట్టారు, తర్వాత ఇంజనీర్ల విషయంలోనూ అదే కనపడింది, సాలెగూడులా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఇవాళ్టి కొరత చూసి పిల్లల్ని ఒకే కోర్సులోకి తోసేయడం నాకు భయంగా ఉంటుంది.

---

నైట్‌డ్యూటీ_నర్సు:

డ్యూటీ దిగి చదువుతున్నా, తప్పులుంటే క్షమించండి. మీరంతా కంపెనీ వైపు నుంచో ఉద్యోగం వెతికేవాళ్ల వైపు నుంచో మాట్లాడుతున్నారు, ఆ ఖాళీ పక్కన పని చేసేవాళ్ల గురించి కూడా కాస్త.

మా వార్డులో డ్యూటీ చార్ట్ మీద రాత్రికి నలుగురం ఉండాలి. ఇద్దరమే ఉంటాం. మిగతా రెండు గడుల్లో పెన్సిల్‌తో చుక్క పెట్టి వదిలేస్తారు, ఎవరైనా వస్తే పేరు రాద్దామని. నిన్న రాత్రి ఒక పెద్దావిడ నీళ్లు కావాలని రెండుసార్లు బెల్ కొట్టింది, నేను ఇంకో బెడ్ దగ్గర సెలైన్ మారుస్తున్నా, వెళ్లేసరికి ఇరవై నిమిషాలైంది, ఆవిడ ఏమీ అనలేదు, చేయి పట్టుకుని తిన్నావా అని అడిగింది. ఏ సర్వేలో చూసినా అది "ఒక ఖాళీ" అంతే.

నాతో చదువుకున్నవాళ్లలో చాలామంది వేరే దేశాలకి వెళ్లిపోయారు, వాళ్లని తప్పు పట్టను, పిల్లల్ని చదివించుకోవాలి కదా. కానీ ఆ దేశం నర్సుల కొరత తీరింది అని రాసుకుంటుంది, ఇక్కడ మా చార్ట్‌లో చుక్క పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి ప్రపంచం మొత్తం మీద కోటి మందికి పైగా ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారని అంటోంది, 2023లో 55 దేశాల పేర్లతో లిస్టు ఇచ్చింది, వీటి దగ్గర్నుంచి పనిగట్టుకుని సిబ్బందిని లాక్కోవద్దు అని. 2010 నుంచి దీనికొక నియమావళి ఉంది కానీ అది ఇష్టపూర్వకం, బలవంతం లేదు.

ఇంకా బాధ కలిగించేది ఏంటంటే చాలా దేశాల్లో ఒక పక్క ఆసుపత్రుల్లో నర్సులు లేరు, ఇంకో పక్క చదువు పూర్తి చేసిన నర్సులు ఇంట్లో ఖాళీగా ఉన్నారు. స్కిల్ ఉంది, పని ఉంది, రోగి ఉన్నాడు, పోస్టుకి డబ్బు మంజూరు కాలేదు. దాన్ని ఏ కొరత అంటారో మాస్టారే చెప్పాలి.

---

గ్రాఫుల_మాస్టారు:

నర్సమ్మా, దాన్ని స్కిల్స్ కొరత అనడమే తప్పు, అది బడ్జెట్ కొరత. అవసరం వేరు, డిమాండ్ వేరు, జేబులో డబ్బుతో వచ్చిన అవసరాన్నే మార్కెట్ డిమాండ్ అంటుంది. మీ వార్డు లాంటి చోట జీతం పెంచాలా వద్దా అన్నది మార్కెట్ నిర్ణయించదు, ప్రభుత్వమో యాజమాన్యమో నిర్ణయిస్తుంది, కాబట్టి కొరత ఎన్నేళ్లయినా అలాగే కూర్చుంటుంది. మీరు రాసింది చదివాక నాకు రెండు నిమిషాలు ఏం టైప్ చెయ్యాలో తెలియలేదు.

---

చిన్నోడి_అక్క:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి దండం. హెచ్‌ఆర్ అక్కా, ఆ 303 సంగతి తమ్ముడికి చదివి వినిపించాను, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంటే చూడనే లేదన్నమాట" అన్నాడు, అందులో కోపం కంటే ఊరటే ఎక్కువ కనపడింది నాకు.

మాస్టారూ, నాన్న ఇంకో పాయింట్ పట్టుకున్నారు, నిరుద్యోగం శాతం తక్కువ ఉందిగా, మరి అదీ తప్పేనా అని. దానికేం చెప్పాలి? పేపర్లో ఆ ఒక్క నంబరు కాకుండా ఏం చూడాలి?

---

గ్రాఫుల_మాస్టారు:

తప్పు కాదమ్మా, కానీ చిన్న నంబరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం సర్వే చేసిన వారంలో ఒక్క గంట డబ్బుకి పని చేసినా ఆ మనిషి ఉద్యోగి కిందే లెక్క. పని వెతకడం మానేసినవాడు అసలు నిరుద్యోగి లెక్కలోకే రాడు, లేబర్ ఫోర్స్ (పనిలోనో వెతుకులాటలోనో ఉన్నవాళ్ల లెక్క) బయటికి పోతాడు. మీ తమ్ముడు విసిగిపోయి ఆ నోట్‌బుక్ మూసేస్తే దేశం నిరుద్యోగం ఒక చుక్క తగ్గుతుంది. ఇది నాన్నగారికి ఇదే మాటల్లో చెప్పండి.

నేనైతే ముందు ధరల పెరుగుదల తీసేసి చూసిన జీతం పెరిగిందా అని చూస్తా. అది పెరుగుతూ ఖాళీలూ ఉంటే ఆ కొరతలో బలం ఉన్నట్టు. తర్వాత పని వయసు జనంలో ఎంతమంది పనిలోనో వెతుకులాటలోనో ఉన్నారు, ఎంతమంది ఆరు నెలలు ఏడాది పైబడి ఖాళీగా ఉన్నారు. ఇంకోటి చాలామంది పట్టించుకోనిది, తమంతట తాము రాజీనామా చేసేవాళ్ల శాతం. అమెరికాలో 2021 చివర్లో అది నెలకి 3 శాతం దాకా వెళ్లింది. ఇంకో చోట దొరుకుతుందన్న ధీమా ఉంటేనే మనిషి చేతిలో ఉన్నది వదులుతాడు, కంపెనీలు ఏం చెప్పినా పనిచేసేవాళ్ల మనసులో మాట అందులో బయటపడుతుంది. ఖాళీల ప్రకటనలు ఉచితంగా పెట్టొచ్చు, రాజీనామా మాత్రం ఎవరూ ఊరికే ఇవ్వరు.

---

పదేళ్లు_హెచ్‌ఆర్‌లో:

అక్కా, తమ్ముడి రెజ్యూమే పేరు ఫోన్ నంబరు తీసేసి పంపండి, ఫిల్టర్‌లో ఎక్కడ ఆగుతుందో చూసి చెప్తా. ఇంకా నోట్‌బుక్‌లో ఏ రకం పోస్టులకి రిప్లై వచ్చిందో విడిగా రాయమనండి, ఆ ముప్పై ముప్పై ఐదులోనే దారి ఉంటుంది.

---

చిన్నోడి_అక్క:

తప్పకుండా అక్కా, ఇవాళ రాత్రికే పంపుతా. వెల్డింగ్ అన్నా, ఇంకోలా అనుకోకండి, డిగ్రీ చేసినవాడు మీ పని నేర్చుకోవడానికి వయసు మించిపోయినట్టా? వాడే అడగమన్నాడు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

---

వెల్డింగ్_నేర్పేవాణ్ణి:

మించలేదమ్మా, నా దగ్గర ముప్పై నాలుగేళ్ల ఆయన వచ్చి నేర్చుకుని పాస్ అయ్యాడు. అయితే పేపర్లో కొరత అని చూసి రావొద్దని చెప్పండి, మాస్టారు అన్న సాలెగూడు మాలోనూ ఉంది. ముందు దగ్గర్లో ఏ షెడ్డుకైనా వెళ్లి ఒక పూట నిలబడమనండి. వేడి, పొగ, మెడ నొప్పి ఎలా ఉంటాయో తెలియాలి. ఒక హెల్మెట్ అడిగి తీసుకుని, అద్దంలోంచి ఆ కరిగే చోటు చూడమనండి. పది నిమిషాలు చూశాక కూడా ఇంకాసేపు చూడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టమనండి, గ్లవ్స్ ఏవి కొనాలో దగ్గర్నుంచి చెప్తా.